మన చెత్త.. పిన్ని వాళ్ల గాలి!

పోయిన నెలలో మా చెల్లికి పెళ్లిచూపులు. పిన్ని వాళ్లది దమ్మాయిగూడ. ‘అబ్బాయి వాళ్లు సాయంత్రం ఐదింటికి వస్తామంటున్నార్రా’ అని బాబాయి ఫోన్లో చెబుతుంటే పక్క నుంచి పిన్ని కేక: ‘సాయంత్రం వద్దే వద్దు. పొద్దున తొమ్మిదికే రమ్మనండి!’

ముహూర్తం కోసం కాదు, గాలి కోసం. చీకటి పడితే చాలు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి వాసన మొదలవుతుంది. కిటికీలు మూసినా, అగరొత్తులు వెలిగించినా ఆగదు. వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే సంబంధం ఏమవుతుందోనని పిన్ని భయం.

ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే ఆ ముందు రోజు రాత్రే మా ఫ్లాట్లో మిగిలిన బిర్యానీ, ఎముకలు, ప్లాస్టిక్ డబ్బాలు, పాడైపోయిన రిమోట్ బ్యాటరీలు.. అన్నీ ఒకే కవర్లో వేసి, ముడేసి, తలుపు బయట పెట్టింది నేనే. గడప దాటాక ఆ కవర్ ఎటు పోతుందో ఏనాడూ ఆలోచించలేదు. పోయేది పిన్ని వాళ్ల వైపే!

ఊరి చివర ఎక్కడుంది?

ఒకప్పుడు హైదరాబాద్ చెత్త ఆటోనగర్‌కు వెళ్లేది. తర్వాత జవహర్‌నగర్‌కు మారింది. ‘ఊరికి దూరం’ అనుకున్న చోటే ఇప్పుడు చుట్టూ కాలనీలు, స్కూళ్లు. నగరంలో రోజుకు 7 వేల టన్నులకు పైగా చెత్త పోగవుతోంది. యార్డు విస్తీర్ణం 300 ఎకరాల పైమాటే. అక్కడ కొండలా పేరుకున్న దాదాపు 120 లక్షల టన్నుల పాత చెత్తను షీట్లు, మట్టి వేసి కప్పేశారు. పైన పచ్చగడ్డి కూడా పెంచారు.

కప్పేస్తే కథ అయిపోదు. గాలి తగలకుండా కుళ్లే తడి చెత్త నుంచి మీథేన్ వస్తుంది. నల్లటి ద్రవం కిందికి దిగుతుంది. మల్కారం చెరువు నల్లబడింది దానివల్లే. ఇదంతా ఏళ్ల తరబడి సాగే పని. ఈ రాత్రి మనం ముడేసిన కవర్ బాకీ, రేపు మన పిల్లలు కూడా తీర్చాల్సి రావొచ్చన్నమాట.

తగలబెడితే పోదా?

2020లో అక్కడే చెత్తతో కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. అప్పట్లో దాని సామర్థ్యం 20 మెగావాట్ల దాకా. మంచిదే. కానీ తడి కట్టెలు పొయ్యిలో పెడితే ఏమవుతుంది? పొగ ఎక్కువ, మంట తక్కువ. చెత్త కూడా అంతే. మన ఇళ్ల నుంచి వెళ్లే దాంట్లో సగం దాకా తడి చెత్తే. సాంబారు ఒలికిన అట్టముక్క కాగితంగా పనికిరాదు, గాజుముక్కలు కలిసిన అన్నం ఎరువుగానూ పనికిరాదు. కలిపిన క్షణంలోనే రెండూ దండగ.

విడిగా ఉంటే అదే చెత్తకు విలువ. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టే చూడండి. అక్కడ పాడైన కూరగాయలను పారేయకుండా బయోగ్యాస్ ప్లాంటుకు పంపుతున్నారు. రోజుకు 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల దాకా కరెంటు వస్తుంది. ఇండోర్‌లో 2022లో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు పెట్టారు. ఆ గ్యాస్‌తో సిటీ బస్సులు నడుస్తున్నాయి. అక్కడేం మాయ జరగలేదు. ప్లాంటు కంటే ముందు, ఇంటి గడప దగ్గరే చెత్తను విడదీయడం అలవాటు చేశారు.

20 ఏళ్ల ప్లాన్, 20 సెకన్ల పని

నగరానికి ప్లాన్ అంటే ‘తర్వాతి డంపింగ్ యార్డు ఎక్కడ?’ అని స్థలం వెతకడమే అనుకుంటాం. ఎక్కడ పెట్టినా అక్కడ ఎవరో ఒకరి పిన్ని ఉంటుంది. అసలు అడగాల్సింది, యార్డు దాకా వెళ్లే చెత్తను ఏటా ఎంత తగ్గిస్తాం అని. తడి చెత్తను ఏ పేటకు ఆ పేటలోనే ఎరువుగానో, గ్యాస్‌గానో మార్చే ఏర్పాటు ఉండాలి. పొడి చెత్త ఏరే వాళ్లకు గ్లౌజులు, గిట్టుబాటు కూలి ఉండాలి. అది పాలకుల పని, గట్టిగా అడగాలి. తడి, పొడి, ప్రమాదకరమైనవి వేరు చేయాలని 2016 నిబంధనలే చెప్పాయి. అది మాత్రం మన పని. నిజంగా 20 సెకన్లు చాలు.

ఇప్పుడు మా ఫ్లాట్లో రెండు డబ్బాలు, బ్యాటరీలకూ పాత మందులకూ ఓ చిన్న పెట్టె ఉన్నాయి. ‘ఏంట్రా, మున్సిపాలిటీలో ఉద్యోగమొచ్చిందా?’ అని మొదట్లో ఆటపట్టించిన రూమ్మేట్, మొన్న తనే పెరుగు కప్పు కడిగి పొడి డబ్బాలో వేశాడు.

ఇంతకీ పెళ్లిచూపులు ఏమయ్యాయంటారా? అబ్బాయి వాళ్లు పొద్దున్నే వచ్చారు. గాలీ బాగుంది, టిఫినూ బాగుంది. వెళ్లేముందు అబ్బాయి వాళ్లమ్మ మెల్లగా అడిగారు: ‘సాయంత్రాలు మీకు కూడా వాసనొస్తదా వదినా?’

పిన్ని ముఖం తెల్లబోయింది.

‘మాకైతే బాగా వస్తది. మాది నాగారమే గదా!’ అన్నారావిడ.

ఇల్లంతా నవ్వులు. సంబంధం ఖాయమైంది. నేను మాత్రం సరిగ్గా నవ్వలేకపోయాను. రెండిళ్ల కిటికీలు మూయించిన దాంట్లో నా కవర్ కూడా ఉంది మరి.