చల్లని పైకప్పుల విధానం: రేకుల ఇళ్ల మాటేమిటి?



ఎండాకాలంలో చలివేంద్రం పెడదామంటే మన స్టేషన్ ఘన్‌పూర్‌లో కాదనేవారు ఉండరు. దాహం కంటికి కనబడుతుంది, చేయి జేబులోకి పోతుంది. రేకుల ఇంట్లో మధ్యాహ్నం పూట మంచం మీద పడి ఉన్న ముసలమ్మ మాత్రం దారిన పోయేవారికి కనబడదు. వడదెబ్బ రోడ్డు మీదనే తగులుతుందని అనుకుంటాం గానీ, ఇంట్లో కూడా తగులుతుంది.

ఈ సంగతి అహ్మదాబాద్ చాలా నష్టపోయి తెలుసుకున్నది. 2010 మే 21న అక్కడ ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెలలో మామూలుకన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారని పరిశోధకులు తరువాత లెక్క తేల్చారు. 2013లో ఆ నగర కార్పొరేషన్ వడగాడ్పుల ప్రణాళిక తయారు చేసింది. దక్షిణాసియాలో ఇటువంటిది అదే మొదటిది. ముందస్తు హెచ్చరికలు, వైద్య సిబ్బందికి శిక్షణ, మంచినీళ్లతో మొదలైన ఆ పని 2017 నాటికి బస్తీల ఇళ్ల కప్పులకు తెల్ల సున్నం పూయించే దాకా వచ్చింది.

మన రాష్ట్రం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. 2028 నాటికి హైదరాబాద్‌లో 200, మిగతా పట్టణాల్లో 100 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నది లక్ష్యం. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. నల్లటి కప్పు ఎండను తాగుతుంది, తెల్లటిది తిప్పికొడుతుంది. సున్నం, తెల్ల టైల్సు, ఎండను తిప్పికొట్టే పెయింటు, ఏదైనా సరే. లోపల 2 నుంచి 5 డిగ్రీల దాకా వేడి తగ్గవచ్చు. పండుగకు గోడలకు సున్నం వేసే మనకు ఇది కొత్త పని కాదు, కాస్త పైకి ఎక్కాలి, అంతే.

అయితే ఒక మెలిక ఉన్నది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు యజమాని ఇష్టం. 60 గజాల రేకుల ఇంట్లో కూలి చేసుకునే కుటుంబానికి ఇష్టం ఉన్నా డబ్బు ఎక్కడిది? నా ఉద్దేశంలో మన సొసైటీ సొమ్ముకు పని ఉన్నది ఇక్కడే.

ఖర్చు చూడండి. చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలని విధానం ప్రకటించిన రోజున చెప్పారు. 30 చదరపు మీటర్ల కప్పుకు 9,000. సున్నమైతే ఇంకా చాలా తక్కువ. కాకపోతే వానలకు కొట్టుకుపోతుంది, ఏటా మళ్లీ వేయాలి. పెయింటు కొన్నేళ్లు నిలుస్తుంది గానీ దుమ్ము పడితే పని చేయదు, వేసవికి ముందు కడగాలి.

ఒక జాగ్రత్త తప్పక చెప్పాలి. పాత సిమెంటు రేకులను గీకకూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు విషం. వాటి మీద నడవకూడదు, పగులుతాయి. పలక వేసుకుని, తెలిసిన మేస్త్రీతోనే వేయించాలి. పని ఫిబ్రవరిలోనే పూర్తి కావాలి కనుక, ఏయే ఇళ్లు అన్న జాబితా జనవరిలోనే రాసుకోవాలి. వృద్ధులు, బాలింతలు, మంచాన పడ్డవారు ఉన్న ఇళ్లు ముందు.