పన్ను ఒకటే, బరువు వేరు

సంపన్నుల పిల్లలు చదివే ప్రైవేటు బడి ఈటన్‌లో ఏడాది ఫీజు 2025లో దాదాపు 63 వేల పౌండ్లు. బ్రిటన్‌లో ప్రైవేటు బడి ఫీజుల మీద 2025 జనవరి 1 నుంచి పడుతున్న 20 శాతం వ్యాట్‌ను ఆ బడి మొత్తంగా తల్లిదండ్రుల మీదే వేసింది. చర్చ మొదలైతే చాలు, ఈటన్ పిల్లల నల్లకోట్ల ఫొటోలే ముందుకొస్తాయి. దెబ్బ తగిలింది మాత్రం వాళ్లకు కాదు.

ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం బడి చదువుకు వ్యాట్ మినహాయింపు ఉండాల్సిందే. బ్రెగ్జిట్‌తో ఆ అడ్డు పోయింది. బ్రెగ్జిట్‌ను పూర్తిచేసింది కన్సర్వేటివ్‌లు, వెసులుబాటును ఇలా వాడుకుంది లేబర్ పార్టీ! వచ్చే సొమ్ముతో సర్కారు బడుల్లో 6,500 మంది కొత్త టీచర్లను తెస్తామన్నది లేబర్ హామీ.

వ్యాట్ పరిధిలోకి వచ్చిన బడి తన కొనుగోళ్ల మీద కట్టిన వ్యాట్‌ను వెనక్కి తీసుకోవచ్చు. అందుకే సగటు ఫీజు 10 శాతమే పెరుగుతుందని సర్కారు లెక్కేసింది. కొన్నేళ్ల కిందట కట్టిన పెద్ద భవనాల మీద కూడా కొంత తిరిగొస్తుంది. ఈతకొలను, థియేటరు కట్టుకున్న బడికి ఇది కలిసొచ్చే బేరం. వంద, నూటయాభై మంది పిల్లలున్న బడికి ఖర్చంతా టీచర్ల జీతాలే. జీతాలకు వ్యాట్ ఉండదు, కాబట్టి తిరిగొచ్చేదీ ఉండదు. పైగా 2025 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో ధార్మిక సంస్థలుగా నడిచే ప్రైవేటు బడులకు ఆస్తిపన్ను రాయితీ పోయింది. అదే నెలలో ఉద్యోగుల తరఫున యాజమాన్యాలు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది.

పిల్లలు ఒక్కసారిగా ఖాళీ చేసి పోరు. పరీక్షల ముందు పిల్లను బడి మార్చే తల్లి ఎవరు? కానీ నాలుగేళ్లకు, ఏడేళ్లకు, పదకొండేళ్లకు కొత్తగా చేరాల్సినవాళ్లు తగ్గుతారు. కొన్నేళ్లుగా జననాలు కూడా తగ్గుతూ వచ్చాయి. చిన్న బడి కింది తరగతి నుంచి ఖాళీ అవుతూ వస్తుంది. దీర్ఘకాలంలో 37 వేల మంది తగ్గుతారని సర్కారే అంచనా వేసింది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల సంగతి నాకు అన్నిటికంటే అన్యాయంగా తోస్తుంది. స్థానిక కౌన్సిల్ అలాంటి పిల్లవాడి కోసం ఖరారు చేసిన చదువు ప్రణాళికలో ప్రైవేటు బడి పేరుంటే, ఫీజు కట్టే కౌన్సిల్‌కు వ్యాట్ వాపసు వస్తుంది. ఆ కాగితం లేని ఇంటివాళ్లు సొంతంగా కట్టుకోవాలి. ఇలాంటి కుటుంబాలు, తక్కువ ఫీజుల క్రైస్తవ బడులు వేసిన కేసులను 2025 జూన్‌లో హైకోర్టు కొట్టేసింది.

మన దగ్గర బడి ఫీజుకు జీఎస్టీ లేదు, కోచింగ్ సెంటర్‌కు 18 శాతం ఉంది. బ్రిటన్‌లో అది తలకిందులు: బడికి పన్ను, సొంతంగా ఇంటికొచ్చి పాఠం చెప్పే ట్యూషన్ మాస్టారికి మినహాయింపు. డబ్బున్న ఇల్లు పిల్లవాణ్ని మంచి సర్కారు బడిలో చేర్చి, సాయంత్రం మాస్టార్ని పెట్టుకుంటే ఖజానాకు వ్యాట్ రూపంలో ఒక్క పెన్నీ రాదు. ఆ సీటు ఖర్చు కూడా సర్కారుదే.