పాత కంప్యూటరుకు స్టాటిక్ మెమరీ



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ వయసులో నాకు ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పినవాడు మా అక్కయ్య మనవడు. బెంగళూరులో డిప్లొమా చదువుతున్నాడు, స్కాలర్‌షిప్పు మీదే.

అక్కయ్య బీరువాలో ఒక సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ఉంది. 1982 ఏప్రిల్‌లో ఇంగ్లండులో విడుదలైన ఇంటి కంప్యూటరు అది. బావగారు 1984లో లండన్ నుంచి తెచ్చారు. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. పోయినేడు వీడు దాన్ని పాత టీవీకి తగిలిస్తే తెర నిండా రంగు గళ్లు తప్ప ఏమీ రాలేదు. ఒక రిపేరు షాపులో మెమరీ చిప్పులు పోయాయన్నారు. వీడు పుస్తకాలకని దాచుకున్న డబ్బుతో పాత స్టాకు చిప్పులు ఎనిమిది కొని వేయించాడు. స్విచ్ వేసిన కాసేపటికి అవీ పోయాయి!

కారణం తర్వాత తెలిసింది. ఆ 4116 రకం చిప్పుకు మూడు వోల్టేజీలు కావాలి: +5, +12, −5. ఈ −5 లేకుండా +12 అందితే చిప్పు కాలిపోతుంది. మా మిషనులో −5 దారిలోని చిన్న డయోడు పోయింది. మీటరు పెట్టి చూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది. షాపువారు చూడలేదు, మేమూ అడగలేదు.

4116 డైనమిక్ మెమరీ. ఒక్కో బిట్టుకు ఒక ట్రాన్సిస్టరు, ఒక బుల్లి కెపాసిటరు. ఆ కెపాసిటరు చిల్లుకుండ లాంటిది, ఛార్జి కారిపోతూ ఉంటుంది. ప్రతి 2 మిల్లీసెకన్లలోపు చదివి మళ్లీ నింపాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. స్టాటిక్ మెమరీలో బిట్టుకు సాధారణంగా ఆరు ట్రాన్సిస్టర్లు. అది గోడమీది స్విచ్ లాంటిది, వేసినచోటే నిలుస్తుంది; కరెంటు ఉన్నంతవరకు మళ్లీ నింపే పని లేదు. మరి అప్పుడే ఎందుకు వాడలేదని నేనూ అడిగాను. ధర! 1981 నాటి జెడ్‌ఎక్స్81లో స్టాటిక్ మెమరీయే ఉండేది, కాని 1కే మాత్రమే. స్పెక్ట్రమ్‌లో పై 32కే కోసం సగం పాడైన 64కే చిప్పులను చౌకగా కొని, బాగున్న సగాన్ని వాడుకున్నారు. లెక్కలు రాసినవాడిగా ఆ పొదుపు నాకు తెగ నచ్చింది.

ఈ రోజుల్లో 62256 అనే ఒక్క స్టాటిక్ చిప్పులో 32కే ఉంటుంది. ఎనిమిది 4116లూ కలిసి ఇచ్చేది 16కే. అయితే తీసి అతికిస్తే సరిపోదు. ఇక్కడే వాడు నాకు బ్యాంకు భాషలో చెప్పాడు. 4116లో 128 లెడ్జర్లు, ఒక్కో దానిలో 128 ఫోలియోలు అనుకోండి. మొత్తం 16,384 బిట్లు. కాళ్లు తక్కువ కనుక కంప్యూటరు ముందు లెడ్జరు నంబరు చెబుతుంది, తర్వాత అదే తీగలమీద ఫోలియో నంబరు చెబుతుంది. స్టాటిక్ చిప్పుకు రెండూ ఒకేసారి కావాలి. అందుకని మధ్యలో లాచ్ అనే చిప్పు పెడతారు. ఫోలియో వచ్చేదాకా లెడ్జరు నంబరు పట్టుకుని నిలబడే ప్యూను అన్నమాట. రిఫ్రెష్ కోసం వచ్చే పిలుపులను స్టాటిక్ చిప్పు పట్టించుకోదు, నష్టమేమీ లేదు.

వాడు ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు కొని చిన్న బోర్డు చేశాడు. పాత చిప్పుల కాళ్లు కత్తిరించి ఒక్కొక్కటిగా ఊడదీశాడు. మొత్తంగా లాగితే బోర్డుమీది రాగి గీతలు లేచిపోతాయట. ఆ రంధ్రాల్లో సాకెట్లు పెట్టి, 9వ కాలునుంచి +5 మాత్రం తీసుకున్నాడు. 1వ, 8వ కాళ్లలో −5, +12 ఉంటాయి కనుక వాటి జోలికి పోలేదు. ఇంత చేసినా డయోడు మార్చక తప్పలేదు. రంగులు తయారుచేసే చిప్పుకు +12 కావాలి, ఆ విద్యుత్తు భాగం పూర్తిగా బాగుండాలని వాడి పట్టు.

పాతదనం పోయిందని మా మిత్రుడొకరు పెదవి విరిచారు. నేను ఒప్పుకోను. కాలిన చిప్పులతో బీరువాలో పడి ఉండటమేం పాతదనం?

స్విచ్ వేస్తే తెల్లటి తెరమీద 1982 సంవత్సరం, కంపెనీ పేరు కనబడ్డాయి. అక్కయ్య కళ్లజోడు సవరించుకుని, బావగారి క్యాసెట్లు ఏ అట్టపెట్టెలో ఉన్నాయో వెతకడానికి లోపలికి వెళ్లింది.