రెండు రోజుల రాజమహేంద్రవరం

పిల్లలూ! మా తణుకులో ఏ పిల్లవాణ్ణయినా పిలిచి, "నువ్వు తాగే నీళ్ళు ఎక్కడివిరా?" అని అడగండి. "కుళాయివి" అంటాడు. కుళాయిలోకి ఎక్కడినించి వచ్చాయంటే "కాలవలోనించి" అంటాడు. కాలవలోకి ఎక్కడినించి వచ్చాయంటే మాత్రం బుర్ర గోక్కుంటాడు. ఆ చోటును కళ్ళారా చూసినవాడు తరగతికి ఒకడో ఇద్దరో ఉంటారు. అదేమన్నా కాశీ అంత దూరమా? పొద్దున్న బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడ ఉండవచ్చు.

ఈ సంగతి ఇప్పుడెందుకు వచ్చిందంటే, మొన్న కార్తికంలో నా పాత శిష్యుడు ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఊళ్ళోనే కరెంటు పనులు చేసుకుంటున్నాడు. వెంట ఆరో తరగతి చదివే కూతురు ఉన్నది.

"మాష్టారూ, పిల్లకు రాజమండ్రి చూపిద్దామనుకుంటున్నానండి. రెండు రోజులకు ఏమేం చూడాలో చీటీ రాసి ఇవ్వండి" అన్నాడు.

నాకు సిగ్గు వేసింది. ఎందుకో చెబుతాను.

ఇరవయ్యేళ్ళ కిందట నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలను నలభై మందిని రాజమండ్రి తీసుకువెళ్ళాను. ఒక్కరోజులో పదమూడు చోట్లు చూపించాలని చిట్టా రాశాను. ఆ చిట్టా చూసి నాకు నేనే మురిసిపోయాను. తీరా వెళితే ఏమయింది? ఒకచోట వారపు సెలవు. ఇంకొకచోట గంటసేపు వరస. మూడు గంటలవేళ ఒక హోటలుకు వెళితే నలభై మందికి అన్నం లేదన్నారు. ముందుగా చెప్పి ఉంచాలని నాకు తోచలేదు మరి! ఒక పిల్లకు ఎండకూ ఆకలికీ కళ్ళు తిరిగాయి. దవళేశ్వరం చేరేసరికి చీకటి పడింది.

మర్నాడు అందరిచేతా వ్యాసం రాయించాను. ఒక కుర్రవాడి తండ్రి అప్పు చేసి విహారయాత్ర డబ్బు కట్టాడు. ఆ కుర్రవాడు ఇలా రాశాడు: "గోదావరి చాలా పెద్దదని మాష్టారు చెప్పారు. చీకట్లో నాకు కనపడలేదు. చప్పుడు విన్నాను."

పదికి ఏడు మార్కులు వేశాను గాని, నాకు నేను సున్న వేసుకున్నాను. ఆ కుర్రవాడే ఇప్పుడు కూతుర్ని వెంటపెట్టుకుని చీటీ రాయమంటున్నాడు!

ఈసారి చీటీ నేను రాయలేదు. ఆ అమ్మాయిచేతనే రాయించాను. ముందు ఊరి పేర్లు, వింతలు కావు; ఎప్పుడు వెళ్ళాలి అన్నది రాయమన్నాను. వేసవి సెలవులంటే అందరికీ సరదాయే, కాని రాజమండ్రి ఎండ మాటలు కాదు. శ్రావణంలో అయితే వరద నీరు ఎర్రగా, ఒండ్రు మోసుకుంటూ ఒడ్డు ఒరుసుకుని పోతుంది. అది చూడదగినదే, కాని వానలో పిల్లలతో తిరగడం కష్టం. మార్గశిరం మంచిదని తేల్చాము. నీరు తేటబడి, ఇసుక తిన్నెలు బయటపడతాయి. రెండోది, సెలవులు. చూడబోయే ప్రతిచోటికీ ఏ వారం సెలవో, ఎన్నింటికి మూస్తారో ముందురోజే ఫోను చేసి కనుక్కోవాలి. మూడోది, రెండు రోజులకు అయిదు చోట్లే.

"అయిదేనా తాతగారూ?" అన్నది అమ్మాయి.

"అయిదే. పదమూడు సంగతి మీ నాన్నను అడుగు" అన్నాను.

వెళ్ళడం రైలు మీద. తణుకునించి నిడదవోలు, అక్కడినించి కొవ్వూరు. కొవ్వూరు దాటగానే గోదావరి మీదికి ఎక్కుతాము. ఇదే మొదటి వింత. ఇక్కడ మూడు రైలు వంతెనలు ఉన్నాయి. అన్నిటికన్న పాతది హేవలాక్ వంతెన. దానికి 56 ఖానాలు. 1900లో ప్రారంభమై 1997 దాకా రైళ్ళను మోసి, ఇప్పుడు ఊరికే నిలబడి ఉన్నది. రెండోది 1974లో వచ్చింది. దానిమీద రోడ్డు, కింద రైలు. మూడోది విల్లులాగా వంగిన కాంక్రీటు కమానుల వంతెన. దానికి 28 కమానులు. పాతదాని పని ఇది అందుకున్నది.

వంతెన మీద మీరు ఒక లెక్క చెయ్యవచ్చు. నీటి మీద రైలు పోయే దూరం సుమారు 2.7 కిలోమీటర్లు, అంటే 2,700 మీటర్లు. వంతెన మొదలయినప్పుడు గడియారం చూడండి. దాటగానే మళ్ళీ చూడండి. 180 సెకండ్లు పట్టిందనుకోండి. 2,700ను 180తో భాగిస్తే సెకండుకు 15 మీటర్లు. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు 54 కిలోమీటర్లు. గార్డునూ డ్రైవరునూ అడగకుండానే రైలు వేగం తెలిసిపోయింది! కిటికీలోనించి చెయ్యి మాత్రం బయట పెట్టకూడదు.

దిగగానే ఫలహారం. పిల్లలతో వెళ్ళేటప్పుడు తిండికి వేళ తప్పకూడదన్నది నేను డబ్బిచ్చి నేర్చుకున్న పాఠం. వేడి పెసరట్టు, అందులో ఉప్మా. మధ్యాహ్నం అరిటాకులో భోజనం. దొరికే రోజులయితే ఆవ పెట్టిన పనసపొట్టు కూర తప్పకుండా అడగాలి. లేత పనసకాయను కొట్టి పొట్టు చెయ్యడం ఒక విద్య. గోదావరి వంటవాళ్ళకు అది చేతి అలవాటు.

పులస మాటో? "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అని సామెత ఉండనే ఉన్నది. కాని మార్గశిరంలో పులస దొరకదు. అది సముద్రపు చేప. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. వరదలప్పుడు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది. ఆ ప్రయాణానికి కావలసిన కొవ్వు ముందే ఒంట్లో నింపుకుంటుంది. నదిలోకి వచ్చాక దాని పేరు పులస, ధర మన చేతికి అందదు. ఆనకట్ట అడ్డు గనుక దవళేశ్వరం దాటి పైకి పోవడం దానికి కష్టం.

మొదటిరోజు మధ్యాహ్నం కందుకూరి వీరేశలింగం పంతులుగారు పుట్టిన ఇల్లు చూడాలి. పంతులుగారు 1848లో ఇక్కడ పుట్టారు. ఆ రోజుల్లో ఆడపిల్లలకు మీ ఈడుకే పెళ్ళిళ్ళు చేసేవారు. మొగుడు పోతే ఆ పిల్ల బతుకంతా మూలన కూర్చోవలసిందే. 1881 డిసెంబరు 11న పంతులుగారు అటువంటి పిల్లకు ఈ ఊళ్ళోనే మళ్ళీ పెళ్ళి జరిపించారు. ఊరు మండిపడింది. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే వండి వడ్డించింది, గోదావరినించి తానే బిందెతో నీళ్ళు మోసుకొచ్చింది. పుస్తకాల్లో పంతులుగారి బొమ్మే వేస్తారు. నాకు మాత్రం ఆ బిందె ముందు గుర్తుకు వస్తుంది.

అక్కడినించి దామెర్ల రామారావుగారి చిత్రశాల. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు. నిండా ఇరవై ఎనిమిదేళ్ళు లేవు. ఈ ఊరి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన చెయ్యి చూసి బొంబాయి చిత్రకళాశాలకు పంపించాడు. బొమ్మల ముందు తొందరపడకూడదు. ఒక్క బొమ్మ దగ్గర అయిదు నిమిషాలు నిలబడి, పక్కకు వచ్చి కళ్ళు మూసుకుని ఏమేమి గుర్తున్నదో చెప్పుకోవాలి.

సాయంకాలం కోటగుమ్మం దగ్గర చల్లని రోజ్‌మిల్కు. "కోట ఏదీ?" అని అడుగుతారు. పేరు మిగిలింది, కోట మిగలలేదు. ఆ తరవాత గోదావరి రేవుకు పోయి కూర్చోవాలి. నాచు పట్టిన మెట్ల మీదికి దిగరాదు. వెయ్యేళ్ళ కిందట రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరు ఇది. ఆయన అడిగితే నన్నయభట్టు భారతాన్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టాడు. మూడో పర్వం మధ్యలో ఆగిపోయింది. పూర్తి కావడానికి తిక్కన, ఎర్రన రావలసి వచ్చింది. ఆ నన్నయ మా తణుకులో యజ్ఞం చేశాడని మా ఊరివాళ్ళు చెప్పుకుంటారు. మాకు అదొక గొప్ప!

రెండోరోజు అంతా దవళేశ్వరానికే. వెలుతురు ఉండగానే, పొద్దున్నే వెళ్ళాలి. ఈ మాట చీటీలో రెండుసార్లు రాయించాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఇక్కడ ఆనకట్ట కట్టించాడు. రాయి ఇక్కడి కొండనే తవ్వి తెచ్చారు. ఆయన పేర ప్రదర్శనశాల ఉన్నది. ఇప్పుడు కనిపించేది ఆ ఆనకట్ట కాదు, దాని బదులు తరవాత కట్టిన బారేజి. నాలుగు ముక్కలుగా ఉంటుంది: దవళేశ్వరం దగ్గర 70 తలుపులు, ర్యాలి దగ్గర 43, మద్దూరు దగ్గర 23, విజ్జేశ్వరం దగ్గర 39. కూడి చూడండి.

ఆనకట్ట నదిని ఆపేస్తుందని చాలామంది పొరపాటు పడతారు. వాన కురిసినప్పుడు వీధిలో పారే నీటికి అడ్డంగా నాలుగు ఇటుకలు పెట్టండి. నీరు కొంచెం పైకి లేచి, పక్కనున్న బోదెలోకి తనంతట తానే పోతుంది. ఇదీ అంతే. నీటిమట్టం పెరుగుతుంది, పల్లం చూసుకుని కాలవల్లోకి పోతుంది. దవళేశ్వరంనించి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంకనించి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరంనించి మన పశ్చిమ డెల్టాకు. తణుకు కుళాయి అసలు మొదలు అక్కడ!

తిరుగు ప్రయాణం బారేజి మీదుగా రోడ్డున. దారిలో ఆత్రేయపురం. బోర్లించిన కుండను కొబ్బరాకుల మంట మీద కాచి, పలచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను దానిమీద ఒక్కసారి లాగుతారు. నీరు ఆవిరై, కాగితంకన్న పలచని రేకు లేచి వస్తుంది. నెయ్యి, పంచదార వేసి మడిస్తే అదే పూతరేకు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడినించి రావులపాలెం, సిద్ధాంతం మీదుగా ఇంటికి.

తండ్రీ కూతురూ మార్గశిరంలో వెళ్ళి వచ్చారు. నాకు పూతరేకులు తెచ్చారు. వాటికన్న ముందు అమ్మాయి పుస్తకం తీసి చూపించింది. వంతెన మీద రైలు వేగం ఆమె లెక్కకు గంటకు 49 కిలోమీటర్లు, తండ్రి లెక్కకు 54. ఒకే పెట్టెలో కూర్చున్నారు మరి! వంతెన ఎక్కడ మొదలయిందన్న దగ్గరే ఇద్దరికీ తగాదా. తేల్చుకోవడానికి మళ్ళీ వెళతారట.