ఎమ్డెన్‌ను పట్టిచ్చిన పిలుపు

1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవుపై ఫిరంగి గుళ్ళ వాన కురిసింది. బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు భగ్గున మండాయి. సుమారు 130 గుళ్ళు పేల్చి, అరగంటలో చీకట్లో కలిసిపోయిన ఆ జర్మన్ యుద్ధనౌక పేరు ఎమ్డెన్.

ఎమ్డెన్ 1908లో జలప్రవేశం చేసింది. దాని వేగం గంటకు సుమారు 43 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ దానిని హిందూ మహాసముద్రంలోకి నడిపించాడు. రెండు నెలల్లో ఇరవైకి పైగా వర్తక నౌకలను పట్టుకున్నాడు.

ఎన్నో నౌకలు వెతికినా అది ఎందుకు దొరకలేదు? దానికి మూడే పొగగొట్టాలు. ముల్లర్ కర్ర, గుడ్డలతో నాలుగోది కట్టించాడు. దూరం నుంచి చూస్తే అది బ్రిటిష్ నౌకలా కనిపించేది. అంతేకాదు, ఎమ్డెన్ తన వైర్‌లెస్‌ను మూగగా ఉంచి, శత్రువుల సందేశాలను మాత్రం వినేది.

కాని ఆవిరి యంత్రానికి బొగ్గు కావాలి. ఆ సముద్రంలో చాలా రేవులు శత్రువులవే. అందుకే తాను పట్టుకున్న బ్యూరెస్క్ అనే బొగ్గు నౌకను ముల్లర్ వెంట ఉంచుకున్నాడు.

నవంబరు 9న కోకోస్ దీవులలోని తంతి, వైర్‌లెస్ కేంద్రాన్ని ధ్వంసం చేయడానికి ఎమ్డెన్ వెళ్ళింది. బొగ్గు కోసం బ్యూరెస్క్‌ను వైర్‌లెస్‌లో పిలిచింది. పిలుపు రహస్య సంకేతంలోనే ఉంది. అయినా ప్రయోజనం ఏమిటి? రేడియో తరంగాలు కొలనులో రాయి వేస్తే లేచే అలల్లా అన్ని దిక్కులకూ పోతాయి. దీవిలోని ఉద్యోగులకు ఆ పిలుపు అర్థం కాలేదు గాని, ఎవరో కొత్తవారు దగ్గరలోనే ఉన్నారని తెలిసిపోయింది. వెంటనే వారు ప్రమాద సందేశం పంపారు.

సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆస్ట్రేలియా నౌక సిడ్నీ అది విని దూసుకువచ్చింది. దూరాన పొగ చూసి ఎమ్డెన్ వారు బ్యూరెస్క్ వస్తున్నదనే అనుకున్నారు!

ఎమ్డెన్ ఫిరంగి గొట్టాల వ్యాసం 105 మిల్లీమీటర్లు, గుండు బరువు సుమారు 17 కిలోలు. సిడ్నీవి 152 మిల్లీమీటర్లు, గుండు 45 కిలోలు. వ్యాసం ఒకటిన్నర రెట్లు కూడా లేదు, బరువు మాత్రం రెండున్నర రెట్లు దాటింది. ఘనపరిమాణం గురించి మీరు చదివిన పాఠం గుర్తుకు తెచ్చుకోండి.

నౌక ఛిన్నాభిన్నం కాగా ముల్లర్ దానిని పగడపు దిబ్బ మీదికి ఎక్కించాడు. ఎమ్డెన్‌లో 130 మందికి పైగా మరణించారు. సిడ్నీలో నలుగురు చనిపోయారు.

గోడలకు చెవులుంటాయంటారు. రేడియోకు గోడలే లేవు. సంకేతం మాటను దాచగలదు, మాట్లాడిన వాడి ఉనికిని దాచలేదు.