రెండు రూపాయల వడ్డీ

నరసరావుపేటకును పిడుగురాళ్లకును నడుమనున్న నకరికల్లు ప్రాంతమున అప్పు పుట్టినప్పుడు వడ్డీని సంవత్సరపు లెక్కన చెప్పు వాడుక లేదు. "నూటికి రెండు రూపాయలు" అందురు. అది నెలకని ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఎరుగుదురు. ఏడాదికి ఎంతయగునని నిలిచి అడుగువారు మాత్రము అరుదు. ఏడాదికి నూటికి 24 రూపాయలు! చిన్నమాటలో పెద్దభారము దాగియున్నది.

లెక్క వేసి చూతము. ఒక రైతు పత్తి సాగునకై లక్ష రూపాయలకు ప్రామిసరీ నోటు వ్రాసియిచ్చెననుకొందము. నోటుకు కాలపరిమితి మూడేండ్లు. పంటలు దెబ్బతిని ఏమియు చెల్లింపలేనిచో ఆ మూడేండ్లకు వడ్డీ 72,000 రూపాయలగును. గడువు తీరకమునుపే నోటు తిరుగవ్రాయుదురు. ఇప్పుడు అసలే 1,72,000. మరి మూడేండ్లకు బాకీ 2,95,840. ఈ ఆరేండ్లలో రైతు చేతికి కొత్తగా ఒక్క కాసైనను రాలేదు. బాకీ మాత్రము మూడింతలకు చేరువయైనది.

ఈ ప్రమాదమును మన పూర్వు లెరుగనివారు కారు. ఒక్కమారుగా పుచ్చుకొను వడ్డీ అసలును మించరాదని మనుధర్మశాస్త్రము విధించెను. పలనాడు మదరాసు రాష్ట్రమున నున్న కాలమున, 1938లో, రాజాజీ ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును చేసి, అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు బాకీ తీరినట్లేయని నిర్ణయించెను.

నేడు అప్పునకు వేషము మారినది. మోటారుసైకిలు, సెల్‌ఫోను వాయిదాలమీద లభించుచున్నవి. "వడ్డీ నూటికి పన్నెండే" యని చెప్పి, 12,000 రూపాయల అప్పునకు 1,440 చేర్చి, నెలకు 1,120 చొప్పున పన్నెండు వాయిదాలు కట్టించుకొను పద్ధతి కలదు. నెలనెలకు అసలు తరుగుచున్నను వడ్డీ మాత్రము మొదటి మొత్తముమీదనే కట్టబడినది. కావున నిజమైన వార్షిక వడ్డీ నూటికి 21 దాటుచున్నది. అన్ని ఖర్చులను కలిపిన వార్షికపు రేటును ఒక పత్రముపై వ్రాసి యీయవలెనని 2024 అక్టోబరు నుండి మంజూరగు చిల్లర అప్పుల విషయమున బ్యాంకులను, ఫైనాన్సు కంపెనీలను రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ పత్రమును అడిగి చదువక ఎవరును సంతకము చేయరాదు.

ఇక భూవసతి గల చదువరులకు ఒక మాట. మూడు లక్షల వరకు పంటఋణము ఏడాదికి నూటికి ఏడు వడ్డీకి, సకాలమున చెల్లించినవారికి నాలుగుకే, లభించు ఏర్పాటు 2025-26లోను కొనసాగినది. కాని కౌలురైతు పేర పట్టాదారు పాసుపుస్తకము లేదు. అతనికి పదునొకండు నెలల సాగుహక్కు పత్రము నిచ్చుటకు 2019లో మన రాష్ట్రమున చట్టమైనది. దానికి భూమి యజమాని సంతకము కావలెను. భూమి చేజారునేమో యని పలువురు యజమానులు వెనుదీసిరి. ఆ భయమునకు తావులేదు. యజమాని హక్కునకు భంగము రానీయకుండుట ఆ చట్టపు ఉద్దేశములలో నొకటి. పత్రమున్నంతనే బ్యాంకువారు అప్పిత్తురని చెప్పలేము. అదియు లేనివాడు ఆ గుమ్మ మెక్కుట మరింత కష్టము. అతడు మరలి రెండు రూపాయల నోటు వ్రాయుటకే పోవును.

తన చేను దున్నువాని అప్పు తనకేలయని యజమాని తలపరాదు. మొదట చెప్పిన లెక్క ముదిరినపుడు కౌలు బకాయి పడును, చేను బీడగును. నాలుగు వడ్డీకిని ఇరువదినాలుగు వడ్డీకిని నడుమ పెక్కుచోట్ల అడ్డుగా నిలిచినది ఒక్క చేవ్రాలు. అది పెట్టుటకు భూస్వాములకు ఖర్చు లేదు.