జీను క్రింది బాధ: గుఱ్ఱపు సామానులవలన కలుగు ఎలర్జీ

మానవునకు తోడుగా నిలిచిన జంతువులలో గుఱ్ఱమునకు ప్రత్యేక స్థానము కలదు. మన దక్కనునకు గుఱ్ఱముతో గల సంబంధము మరింత గాఢమైనది. మధ్యయుగమున అరబ్బు, పారశీక దేశముల గుఱ్ఱములు సముద్రము దాటి దక్షిణాపథమునకు వచ్చెడివి. మొదటి ప్రపంచ యుద్ధమున హైదరాబాదు లాన్సర్ల ఆశ్వికదళము మైసూరు, జోధ్‌పూరు దళములతో కలిసి పశ్చిమాసియాలో పోరాడెను. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమున నిలిచిన మూడు విగ్రహములలో ఒకటి ఆ హైదరాబాదు సైనికులకు గుర్తు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1886లో పందెములను మౌలాలీనుండి మలక్‌పేటకు మార్పించెను. ఆ మైదానమున నేటికిని గుఱ్ఱములు పరుగిడుచునే యున్నవి.

యుద్ధములు మారినవి, జట్కాలు కనుమరుగైనవి. అయినను గుఱ్ఱము మన కనుల యెదుటనుండి పూర్తిగా తొలగిపోలేదు. 1975లో ఆబూ పర్వతమునుండి శివరాంపల్లికి తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీలో యువ అధికారులకు స్వారి నేర్పుచున్నారు. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెరచిన పిదప తుక్కుగూడ పరిసరముల రూపురేఖలే మారిపోయినవి. శ్రీశైలము దారియందును, వలయ రహదారి ప్రక్కలను ఫంక్షన్ హాళ్ళు వెలసినవి. పెండ్లిండ్ల కాలము వచ్చెనన్న బారాతుకై అలంకరించిన తెల్లని గుఱ్ఱములు మన వీధులలో నడచును. జరీ అంచుల గుడ్డలు, అద్దాల పట్టీలు, ఇత్తడి గజ్జెలు, రంగుల కుచ్చులు చూచువారి కన్నులకు పండుగే. కాని వాటి క్రింద ఆ మూగజీవి చర్మము ఏ స్థితిలో నున్నదో చూచువారు అరుదు.

గుఱ్ఱము వీపున జీను వేయబోగా చెవులు వెనుకకు వాల్చును. తంగు బిగింపగా కాలు విసరును. కళ్ళెము పెట్టబోగా తల ఎత్తివేయును. అంతట యజమాని "ఇది పొగరుబోతు" అని నిర్ణయించి చబుకు అందుకొనును. అది పొగరు కాక నొప్పియో దురదయో యైనచో ఆ దెబ్బ ఎంతటి అన్యాయము! నొప్పికి పలు కారణములుండవచ్చును. వాటిలో మనవారు అంతగా ఎరుగనిది సామానులవలన కలుగు ఎలర్జీ. దానిని తెలుపుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఎలర్జీ అనగానేమి?

'ఎలర్జీ' అను పదమును 1906లో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అను వియన్నా వైద్యుడు సృష్టించెను. శరీరమునకు రక్షణ వ్యవస్థ యొకటి కలదు. రోగక్రిములను గుర్తుపట్టి ఎదిరించుట దాని పని. కొన్ని సమయములందు ఆ వ్యవస్థ హాని లేని వస్తువును సైతము శత్రువుగా భావించి దానిపై విరుచుకొనిపడును. ఇంటిని కాపాడవలసిన కావలివాడు ఇంటికి వచ్చిన చుట్టముపై కర్ర ఎత్తినట్లన్నమాట.

చర్మమునకు తగులు వస్తువులవలన కలుగు శోథ రెండు విధములు. మొదటిది రాపిడివలనగాని, ఘాటైన సబ్బు, మందువంటి వానివలనగాని చర్మము నేరుగా దెబ్బతినుట. ఇది ఏ గుఱ్ఱమునకైనను కలుగవచ్చును. రెండవది నిజమైన ఎలర్జీ. ఇందు ఒక రసాయన ద్రవ్యపు సూక్ష్మాణువులు చర్మములోనికి ఇంకి, అచటి ప్రోటీనులతో కలిసి క్రొత్త రూపము ధరించును. రక్షణ కణములు దానిని పరదేశిగా గుర్తుంచుకొనును. ఈ గుర్తు ఏర్పడుటకు కనీసము కొన్ని దినములు పట్టును. ఒక్కొక్కప్పుడు నెలలు, సంవత్సరములు కూడ గడచును. ఒకసారి గుర్తు పడిన తరువాత అదే వస్తువు మరల తగిలినచో సాధారణముగా ఒకటి రెండు దినములలో చర్మము ఎఱ్ఱబడి, ఉబ్బి, దురద పుట్టును. "ఈ జీను మూడేండ్లనుండి వాడుచున్నాము, దీనివలన ఎట్లు వచ్చును?" అని వాదించుట సరికాదన్నది దీనివలననే తెలియుచున్నది. పాత వస్తువే క్రొత్త శత్రువు కావచ్చును.

సామానులలో దాగియున్నవి

మొదట తోలును గూర్చి చెప్పుకొందము. పచ్చి చర్మము కుళ్ళిపోకుండ పదును చేయుటకు మన పల్లెలలో పూర్వము తంగేడు చెక్కను, కరక్కాయను వాడెడివారు. నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పముగా నున్న తంగేడు ఆనాడు తోలు పనివారికి కల్పవృక్షము. ఆ విధానము నెమ్మదియైనది. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్‌జ్ క్రోమియం లవణములతో పదును చేయు పద్ధతికి పేటెంటు పొందెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఆ పద్ధతిని మన దేశమున ప్రచారము చేసెను. క్రోము తోలు త్వరగా తయారగును, మెత్తగా నుండును, నీటికి ఓర్చును. కాని అందు మిగిలిన క్రోమియం చెమటలో కరగి చర్మమును చేరవచ్చును. చెప్పుల తోలువలన మనుష్యుల పాదములకు ఎలర్జీ కలుగుటకు గల ముఖ్య కారణములలో ఇదియొకటి. తంగేడు తోలులో క్రోమియం ఉండదు.

రెండవది రబ్బరు. 1839లో చార్లెస్ గుడ్‌యియర్ గంధకముతో రబ్బరును గట్టిపరచు విధము కనుగొనెను. ఆ పని వేగముగా జరుగుటకై తరువాతి కాలమున థయూరము మొదలగు రసాయనములను చేర్చిరి. ఎలర్జీకి మూలము తరచుగా రబ్బరు కాదు, ఈ రసాయనములే. 1930 ప్రాంతమున వెలువడిన నియోప్రీన్ అను కృత్రిమ రబ్బరుతో నేడు తంగులు, కాలి పట్టీలు, జీను క్రింది మెత్తలు చేయుచున్నారు. దాని తయారీలో వాడు థయోయూరియాలు, అతికించుటకు వాడు జిగురులు కొన్ని జీవులకు పడవు. పైగా నియోప్రీను గాలి చొరనీయదు గనుక దాని క్రింద చెమట నిలిచిపోవును.

మూడవది లోహము. కళ్ళెపు ముక్కలు, బకిళ్ళు, గొలుసులు వీనిలో నికెల్ ఉండవచ్చును. పైపూత చెదరినపుడు చెమట, లాలాజలము దానిని కరగించును. నాలుగవది రంగులు, నారలు. కృత్రిమ దారముల గుడ్డలకు వేయు కొన్ని రంగులు చెమటతో విడిపోవును. ఇక మొగలాయి చిత్రములలో తెల్లగుఱ్ఱముల కాళ్ళకు, తోకలకు మెహందీ రంగు కనిపించును. స్వచ్ఛమైన గోరింటాకు అపకారము చేయుట అరుదు. కాని "నల్ల మెహందీ" పేర అమ్ముదానిలో కలుపు పారాఫినలీన్ డైఅమీన్ అను ద్రవ్యము మనుష్యులలో తీవ్రమైన ఎలర్జీ కలిగించునని నిరూపితమైనది. దానిని జంతువులకు పూయుట మంచిది కాదు. ఐదవది మనము ఉతుకుటకు వాడు డిటర్జెంటు. సరిగా జాడింపని జీను గుడ్డలో మిగిలిన సబ్బు, చెమట తగులగనే మరల మేల్కొనును.

మన ప్రాంతపు ఎండ ఈ బాధను హెచ్చించును. వేసవిలో మన యెండలు 40 డిగ్రీలు దాటుట సామాన్యము. గుఱ్ఱము చెమటలో నురుగు పుట్టించు ప్రోటీను ఒకటి కలదు. అది రోమములను తడిపి చెమట వ్యాపించుటకు తోడ్పడును. ఆ చెమట తోలులోని, గుడ్డలోని ద్రవ్యములను గూడ చర్మమునొద్దకు మోసికొనిపోవును.

గుర్తించు విధము

ఈ వ్యాధికి పెద్ద గుర్తు దాని ఆకారమే. సామాను ఎచ్చట తగులునో అచ్చటనే మచ్చ ఏర్పడును. కళ్ళెమువలననైన నోటి మూలలందు, చెంపలపై, చెవుల వెనుక. తంగువలననైన ముంగాళ్ళ వెనుక, ఎదక్రింద. గుడ్డవలననైన వీపున జీను పరిమాణమున. కాలి పట్టీలవలననైన మోకాలి క్రింద కనిపించును. చిన్న పొక్కులు, వెండ్రుకలు రాలుట, పొరలు, చెమ్మ, దురద కలుగును. చాలకాలము సాగినచో చర్మము దళసరియై నల్లబడును.

అయితే ఇట్టి ప్రతి మచ్చయు ఎలర్జీ కాదు. జీను సరిపోక ఒరసికొనిన పుండు సాధారణముగా ఎముక ఎత్తుగా నున్నచోట ఒకేచోట ఏర్పడును. తామర అను శిలీంధ్రవ్యాధి తంగులవలన, బ్రష్షులవలన ఒక గుఱ్ఱమునుండి మరియొక గుఱ్ఱమునకు, అచటినుండి సాయీసు చేతులకును ప్రాకును. శాలలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చినచో మొదట దానినే అనుమానింపవలెను. వానకాలపు తడివలన బాక్టీరియా చేరి వీపున పెచ్చులు కట్టును. సన్నని దోమలు కుట్టుటవలన జూలు, తోక మొదళ్ళయందు దురద పుట్టును. ఈ భేదములను తేల్చి చెప్పువాడు పశువైద్యుడే. రాజేంద్రనగరమున పశువైద్య కళాశాల ఉండుట మన ప్రాంతమువారి అదృష్టము.

ఎలర్జీని నిర్ధారించుటకు సులభమైన మార్గము త్యాగమే. అనుమానించిన సామానులన్నిటిని తొలగించి, చర్మము పూర్తిగా మానువరకు గుఱ్ఱమునకు విశ్రాంతి నీయవలెను. ఆ పిదప ఒక్కొక్క వస్తువును వేరువేరుగా తిరిగి వాడి చూడవలెను. దేనితో బాధ తిరిగి వచ్చునో అదియే దోషి. అన్నియు ఒకేసారి పెట్టినచో దొంగ ఎవరో తేలదు. 1895లో జర్మన్ వైద్యుడు యాడాసోన్ మనుష్యులకై ప్రవేశపెట్టిన అతుకు పరీక్షను పశువైద్యులు గుఱ్ఱములకును చేయుదురు. అనుమానపు వస్తువును వెండ్రుకలు తీసిన చర్మముపై రెండు దినములు అతికించి ఫలితమును పరిశీలింతురు.

చికిత్స, నివారణ

వస్తువును తొలగించుటయే ప్రధాన చికిత్స. చల్లని మంచినీటితో కడిగి, అద్ది ఆరబెట్టవలెను. కిరోసిను, వాడిన ఇంజను ఆయిలు, ఫినాయిలు పూయుట మాత్రము పుండుపై కారము చల్లుటయే. స్టెరాయిడు మందులను వైద్యుని మాటపైననే వాడవలెను. వాటివలన కొన్ని గుఱ్ఱములకు గిట్టలలో వాపు కలుగు ప్రమాదము కలదు. పందెపు గుఱ్ఱముల విషయమున ఇట్టి మందులపై కఠిన నియమములున్నవి. కావున రోగము రాకుండ చూచుకొనుటయే లాభము.

నివారణకు ఖర్చు స్వల్పము. జీను క్రింద తెల్లని, రంగు వేయని నూలు గుడ్డ పరచవలెను. దానిని ఉతికి రెండుమూడు మారులు జాడింపవలెను. పని ముగియగనే వీపును, తంగు చోటును నీళ్ళతో కడుగవలెను. ఒక గుఱ్ఱపు సామాను మరియొక దానికి వేయరాదు. క్రొత్త సామానును మొదటిదినమే బారాతులో మూడుగంటలు వేయక, కొద్ది నిమిషములతో మొదలుపెట్టి వరుస దినములు చర్మమును పరికింపవలెను. క్రోము తోలు పడని గుఱ్ఱమునకు చెట్టు చెక్కతో పదును చేసిన తోలును, నికెల్ పడని దానికి రబ్బరు లేదా ప్లాస్టిక్కు తొడిగిన కళ్ళెమును వాడి చూడవచ్చును. ఆ రబ్బరు సరిపడుచున్నదో లేదో కూడ గమనింపవలెను.

జీను, లగాము, రికాబు, సాయీసు అను మాటలు అరబ్బీ పారశీకములనుండి ఉర్దూ ద్వారమున మనకు చేరినవి. పశువైద్యుని 'సాలోత్రి' అను ఉర్దూ మాట మాత్రము మన శాలిహోత్ర మహర్షి పేరునుండి పుట్టినది. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రమును పద్యకృతిగా రచించినాడు. పారశీకమున 'ఫరస్‌నామా'లు వెలసినవి. గుఱ్ఱపు శాలలో భాషలు, మతములు ఏనాడో చేయి కలిపినవి. ఆ గ్రంథకర్తలందరి ఆశయము ఒక్కటే: నోరులేని జీవి బాధను నోరున్నవాడు చదువవలెను.

కావున విద్యార్థులారా! రేపు మీ అన్నగారి బారాతులో గుఱ్ఱము తంగు బిగించునపుడు బెదరినచో, చబుకు ఎత్తువానిని ఒక్క క్షణము ఆపి, తంగు విప్పి చర్మమును చూడుమని కోరుడు. అచట ఒక ఎఱ్ఱని మచ్చ కనిపించినచో గుఱ్ఱమునకు దెబ్బలు తప్పును, దానిపై ఆధారపడిన కుటుంబమునకు జీవనము నిలుచును.